చెదిరిన సిరామిక్‌లో వేడి లెక్క: ఏ పద్ధతి మేలు?

జెట్ ఇంజిన్ టర్బైన్ బ్లేడు మీద పూసే సిరామిక్ పొర చాలావరకు జిర్కోనియాయే (జిర్కోనియం ఆక్సైడ్). అందులో బరువుకి 7-8 శాతం యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) కలుపుతారు. చేరిన ప్రతి రెండు యిట్రియం పరమాణువులకూ ఒక ఆక్సిజన్ స్థానం ఖాళీ అవుతుంది. అంటే వంద ఆక్సిజన్ స్థానాల్లో దాదాపు రెండు ఖాళీ. వేడిని మోసే కంపనాలు ఈ ఖాళీల దగ్గరే చెదిరిపోతాయి. అందుకే రంధ్రాల్లేని గట్టి ముద్దలో కూడా ఉష్ణవాహకత, మీటరు-కెల్విన్‌కు వాట్లలో చెప్తే, 2-3 దాటదు. ఈ అంకెను కంప్యూటర్‌తో ముందే రాబట్టడానికి మూడు దారులున్నాయి.

మొదటిది బోల్ట్జ్‌మన్ సమీకరణం, కణాల గుంపు ఎలా ప్రయాణిస్తుందో, ఎలా చెదురుతుందో చెప్పేది. దాన్ని ఫోనాన్లకు, అంటే కణాల్లా లెక్కించే ఈ కంపనాలకు, భౌతిక శాస్త్రవేత్త పైయర్ల్స్ 1929లోనే వర్తింపజేశాడు. చక్కగా అమరిన స్ఫటికానికి దాన్ని మించింది లేదు. ఇక్కడ మాత్రం చాలా ఫోనాన్లు నాలుగు పరమాణువుల దూరం పోకముందే చెదిరిపోతాయి కాబట్టి నేను దాన్ని పక్కన పెడతాను.

రెండోది 1989లో ఆలెన్, ఫెల్డ్‌మన్ ఇచ్చిన పద్ధతి. కంపనాలు ప్రయాణించకపోయినా, దగ్గరి ఫ్రీక్వెన్సీ ఉన్నవి ఒకదానికొకటి శక్తిని అందించుకుంటాయని ఇది లెక్కిస్తుంది. స్ఫటికానికీ గాజుకీ కలిపి పనికొచ్చే సమీకరణాన్ని 2019లో సిమోన్చెల్లీ, మార్జారి, మౌరి ఇచ్చారు. గది ఉష్ణోగ్రత దగ్గర సిలికా గాజుకైతే నా ఓటు ఈ రెండో దారికే. సిలికాన్-ఆక్సిజన్ బంధాల వేగమైన కంపనాలు ఆ ఉష్ణోగ్రతలో దాదాపు నిద్రలోనే ఉంటాయి. ఆ క్వాంటం సంగతి ఇందులో ఉంది, మామూలు మాలిక్యులర్ డైనమిక్స్‌లో (పరమాణువుల కదలికను న్యూటన్ సూత్రాలతో అడుగడుగునా లెక్కించే సిమ్యులేషన్) లేదు. కాకపోతే 10,000 పరమాణువులకు 30,000 వరుసల మాత్రికను విప్పాలి, మెమరీ గట్టిగానే కావాలి.

వెయ్యి డిగ్రీలు దాటిన జిర్కోనియాకు మాత్రం మూడోదే, గ్రీన్-కూబో మాలిక్యులర్ డైనమిక్స్. సిమ్యులేషన్‌లో ఉష్ణప్రవాహం తన పాత విలువతో ఎంతసేపు పోలి ఉంటుందో చూసి, దాన్ని కాలం పొడుగునా కూడితే (ఇంటెగ్రల్) వాహకత వస్తుంది. అంత వేడిలో ఆక్సిజన్ ఖాళీలు ఒక చోటి నుంచి మరో చోటికి గెంతుతుంటాయి. పరమాణువులు ఉన్నచోటే ఊగుతాయనే లెక్క అక్కడ చెల్లదు. పైగా ఉష్ణప్రవాహం తన పాత విలువను కొద్ది పికోసెకన్లలోనే మరిచిపోతుంది కాబట్టి చక్కగా అమరిన స్ఫటికంలోలాగా సిమ్యులేషన్ మరీ సాగదీయక్కర్లేదు. ఆ తర్వాత మిగిలేది నాయిజే. ఇంటెగ్రల్‌ను ఎక్కడ ఆపాలో ఒక్క రన్ చూసి తేల్చకండి, పరమాణువుల వేర్వేరు తొలి వేగాలతో కొన్ని రన్‌లు నడిపి సగటు తీయండి. ఫలితమంతా పొటెన్షియల్ మీద, అంటే పరమాణువుల మధ్య బలాలను ఇచ్చే సూత్రం మీద, ఆధారపడుతుంది. ఖాళీలున్న నమూనాల మీద కూడా శిక్షణ ఇచ్చిన మెషీన్ లెర్నింగ్ పొటెన్షియల్ దొరికితే అదే వాడండి.

ప్లాస్మా స్ప్రే పూతలో (కరిగించిన పొడిని చిమ్మి వేసేది) పగుళ్లు, రంధ్రాలు ఉంటాయి, అందుకే అక్కడ కొలిస్తే 1 దగ్గర వస్తుంది. మీ లెక్క 2.5 చూపిందని పొటెన్షియల్‌ను మార్చేయకండి, ఆ కొలత పూత మీద తీసిందా, గట్టి ముద్ద మీద తీసిందా అని ముందు చూడండి.