ఒకే షాఫ్టు మీద నాలుగు చేతులు: పైపుల మిల్లులో ఒక కిక్కర్‌ను కొన్నేళ్లు వాడాక

రంపం కోసిన పైపును రన్‌అవుట్ టేబుల్ (పైపును ముందుకు నడిపే రోలర్ల బల్ల) మీద నుంచి పక్కనున్న చైన్ బెడ్డు మీదికి దొర్లించే కిక్కర్‌కు నాలుగు చేతులుంటే, ఆ నాలుగూ ఒకేసారి లేవాలి. మా పాత కిక్కర్‌లో అవి ఏనాడూ ఒకేసారి లేవలేదు. కొత్తదానిలో లేస్తున్నాయి. ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్నది చాలావరకు ఈ ఒక్క తేడా గురించే. మోటార్ల సామర్థ్యం, రోలర్ల సంఖ్య, టేబుల్ పొడవు వంటివి కొటేషన్‌తో పాటు వచ్చే కాగితాల్లోనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. తయారీదారు పేరు కూడా రాయడం లేదు. ఇదే పద్ధతిలో చేసి ఇచ్చేవారు చాలామంది ఉన్నారు, నేను చెప్పే మంచిచెడ్డలు ఆ పద్ధతివే తప్ప ఒక సంస్థవి కావు.

నేను పటాన్‌చెరు వైపు ఒక ఈఆర్‌డబ్ల్యూ (ఉక్కు పట్టీని గొట్టంలా వంచి అంచులను కరెంటు వేడితో అతికే) పైపుల మిల్లులో మెయింటెనెన్స్ చూస్తాను. మా దగ్గర 50 నుంచి 150 ఎన్‌బీ (మిల్లీమీటర్లలో పైపు నామమాత్రపు లోపలి వ్యాసం) వరకు, దాదాపు అంతా ఉక్కు గొట్టాల భారతీయ ప్రమాణం ఐఎస్ 1239 కింద, 6 మీటర్ల పొడవుతో పైపులు తయారవుతాయి. 50 ఎన్‌బీ మీడియం (మధ్యరకం మందం) పైపు ఒక్కొక్కటి సుమారు 30 కిలోలు, 150 ఎన్‌బీ అయితే దాదాపు 120 కిలోలు ఉంటుంది. ఈ రెంటినీ అవే చేతులు ఎత్తి పడేయాలి.

పాత కిక్కర్‌లో ప్రతి చేతికీ విడిగా ఒక గాలి సిలిండర్ ఉండేది. నాలుగింటికీ కరెంటుతో తెరుచుకొనే ఒకే సోలెనాయిడ్ వాల్వ్ నుంచి గాలి వెళ్లేది కాబట్టి నాలుగూ కలిసి కదులుతాయని డ్రాయింగ్ గీసినవారు అనుకొని ఉంటారు. కానీ గాలి నొక్కుకుపోయే వస్తువు. ఒక సిలిండర్ సీలు కాస్త అరిగినా, ఒక దానికి వెళ్లే పైపు మిగతా వాటికంటే పొడవైనా, ఒక చేతి మీద బరువు ఎక్కువ పడినా ఆ చేయి వెనకబడుతుంది. పల్లకీ మోసే నలుగురిలో ఒకరు ఆలస్యంగా భుజం ఎత్తినట్టు పైపు ఒక కొస ముందు లేచి, ముందు దొర్లి, బెడ్డు మీద అప్పటికే ఉన్న పైపు అంచుకు వెళ్లి కొట్టుకునేది. ఫ్లో కంట్రోల్ వాల్వులు పెట్టి నాలుగింటినీ సరిచేస్తే ఆ సర్దుబాటు వారం నిలిచేది కాదు. ఉదయం షిఫ్టులో సరిపోయిన అమరిక, కంప్రెసర్ మీద ఇతర యంత్రాల భారం పెరిగే మధ్యాహ్నానికి తప్పేది.

అంచు నొక్కుకుపోయిన పైపు వల్ల వచ్చే తిప్పలు కిక్కర్ దగ్గర కనిపించవు, తర్వాతి యంత్రాల దగ్గర కనిపిస్తాయి. ఐఎస్ 1239 ప్రకారం ప్రతి పైపునూ 5 మెగాపాస్కల్ నీటి ఒత్తిడి దగ్గర కనీసం 3 సెకన్లు పరీక్షించాలి. అంచు గుండ్రంగా లేకపోతే హైడ్రోటెస్టర్ తలలోని రబ్బరు సీలు సరిగా కూర్చోదు, నీరు అక్కడే కారిపోతుంది, ఒత్తిడి నిలవదు, అది వెల్డు లీకేజీయా సీలు లీకేజీయా అని ఆపరేటర్ పైపు పొడవునా వెతుక్కోవాలి. ఆ పరీక్ష దాటినా, మర వేసే దగ్గర డై ఒక వైపు ఎక్కువ లోతుగా, ఇంకో వైపు తక్కువగా కోస్తుంది. పైపు బాగానే వెల్డు అయింది, బాగానే కోయబడింది, కేవలం పక్కకు జరపడంలో పాడైంది అన్న సంగతి ఉత్పత్తి నివేదికలో ఎక్కడా కనిపించదు. నాకున్న కసి అంతా దాని మీదే.

కొత్త కిక్కర్‌లో నాలుగు చేతులూ టేబుల్ పక్కన, పొడవునా సాగే ఒకే షాఫ్టుకు బిగించి ఉంటాయి. సిలిండర్ ఒక్కటే, అదీ షాఫ్టు మధ్యలో. షాఫ్టు తిరిగితే చేతులన్నీ తిరుగుతాయి, ఒకటి ముందు ఒకటి వెనక అన్న ప్రశ్నే రాదు. ఇందులో నాకు మొదటి రోజు నుంచీ నచ్చినది ఆ షాఫ్టు స్వయంగా ఒక పైపు కావడం. మొదట చూసినప్పుడు తయారీదారు డబ్బు మిగుల్చుకోవడానికి బోలు గొట్టం వేశాడేమోనని మా స్టోర్స్ వాళ్లు అనుమానించారు. లెక్క వేసి చూస్తే విషయం తలకిందులు. 60 మిల్లీమీటర్ల గట్టి షాఫ్టు మీటరుకు సుమారు 22 కిలోలు తూగుతుంది. 114.3 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 5.4 మిల్లీమీటర్ల మందం ఉన్న 100 ఎన్‌బీ హెవీ పైపు మీటరుకు పద్నాలుగున్నర కిలోలే ఉంటుంది. కానీ మెలి తిరగకుండా నిలబడే విషయంలో ఆ పైపు గట్టి షాఫ్టు కంటే నాలుగు రెట్లకు పైగా బలమైనది, ఎందుకంటే ఆ బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. షాఫ్టు మెలి తిరిగితే చివరి చేయి ఆలస్యమవుతుంది. షాఫ్టును కొస నుంచి కాకుండా నడుమ నుంచి తిప్పితే ఆ మెలిక ఇంకా తగ్గుతుంది. ఈ రెండు నిర్ణయాలూ తీసుకున్న డిజైనరు ఎవరో నాకు తెలియదు గానీ, పైపుల మిల్లులో కొంతకాలం నిలబడి చూసినవారే అయి ఉంటారు.

ఫలితం మొదటి నెలలోనే కనిపించింది. అంచులు నొక్కుకుపోయిన పైపులు హైడ్రోటెస్టర్ దగ్గర అరుదయ్యాయి. చప్పుడు తగ్గింది. ఎనిమిది గంటల షిఫ్టుకు 90 డెసిబెల్స్ అనే హద్దు మన ఫ్యాక్టరీ నిబంధనల్లో ఉన్నా, పైపు వంకరగా పడి అంచుతో మోగినప్పుడు ఆ హద్దు ఎవరికీ గుర్తుండేది కాదు. ఇప్పుడు పైపు సమాంతరంగా దిగి పొడవునా ఒకేసారి ఆనుతుంది కాబట్టి వచ్చే శబ్దం వేరు. హెల్పర్లు చెవుల్లో ప్లగ్గులు తీసేయవచ్చని నేను అనను, కానీ బెడ్డు పక్కన నిలబడి మాట చెబితే ఇప్పుడు వినపడుతుంది. వేరే మిల్లుల్లోని మిత్రులు అడిగినప్పుడు ఆ రోజుల్లో నేను చెప్పిన మాట ఒకటే: బిగించి మరిచిపోవచ్చు.

ఇందులో రెండో సగం ఇప్పుడు చెప్పడం మానేశాను. దానికి కారణమైన రాత్రి గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఆ రాత్రి 100 ఎన్‌బీ హెవీ నడుస్తోంది. షిఫ్టు సగంలో ఒక పైపు తల వైపు బెడ్డు మీద పడి, తోక వైపు రోలర్ల మీదే ఉండిపోయింది. వెనక వచ్చిన పైపు దాని అంచును గుద్దింది. ఆపరేటర్ ఎమర్జెన్సీ బటన్ నొక్కాడు. ఈఆర్‌డబ్ల్యూ మిల్లు ఆగడం అంటే కిక్కర్ ఆగడం మాత్రమే కాదు. హై ఫ్రీక్వెన్సీ కరెంటు ఆగిన క్షణాన ఇండక్షన్ కాయిల్ దగ్గర ఉన్న పట్టీ అంచులు అతకకుండా తెరుచుకొని ఉండిపోతాయి, మళ్లీ మొదలుపెట్టి వెల్డు కుదురుకొనేదాకా వచ్చినదంతా తుక్కు. కిక్కర్ దగ్గర పుట్టిన చిన్న తప్పుకు శిక్ష వెల్డర్ దగ్గర పడుతుంది.

తుక్కు తీసి మళ్లీ నడిపితే కొన్ని పైపులు సరిగానే దిగాయి, ఆ తర్వాత మళ్లీ ఒకటి వంకరగా పడింది. గాలి ఒత్తిడి చూశారు, 6 బార్ ఉంది. సోలెనాయిడ్ మార్చారు. సిలిండర్ రాడ్డు ఊడదీసి సీలు చూశారు, కొత్తదానిలా ఉంది. పైపు తోక దాటిందని చెప్పే సెన్సార్ మీద కూలెంట్ (చల్లార్చే ద్రవం), రంపపు పొట్టు పేరుకొని ఉంటే తుడిచారు. ఇవన్నీ పాత కిక్కర్ నేర్పిన అలవాట్లు, ఆ యంత్రంలో తప్పు ఎప్పుడూ గాలిలోనే ఉండేది. మా సీనియర్ ఫిట్టర్ మాత్రం సుద్దముక్క తీసుకొని, ప్రతి చేతి బిగింపు నుంచి షాఫ్టు మీదికి ఒక్కొక్క అడ్డగీత గీసి, కిక్కర్‌ను ఖాళీగా కాసేపు ఆడించమన్నాడు. ఆపి చూస్తే మూడు చోట్ల గీతలు అలాగే ఉన్నాయి, మొదటి చేతి దగ్గర మాత్రం గీత రెండు ముక్కలుగా విడిపోయింది. "సార్, గాలి మంచిగనే ఉంది, ఈ చెయ్యే షాఫ్టు మీద జారుతుంది" అన్నాడు.

గీతలో వచ్చిన తేడా మహా అయితే 3 మిల్లీమీటర్లు. కానీ షాఫ్టు వ్యాసార్ధం 57 మిల్లీమీటర్లు, చేయి పొడవు షాఫ్టు కేంద్రం నుంచి 450 మిల్లీమీటర్లు. అంటే బిగింపు దగ్గర జారినది చేతి కొసకు వచ్చేసరికి దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. 24 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తిన చేయి పైపును టేబుల్ అంచు దాటించలేదు.

జారడానికి మూలం తవ్వితే రెండు విషయాలు కలిశాయని తేలింది. మొదటిది, బోలు గొట్టానికి కీవే (చేయి జారకుండా చీల దిగే గాడి) కోయడానికి మందం చాలదు కాబట్టి చేతులను రెండు సగాల క్లాంపుతో, బోల్టుల బిగువు మీదే నిలబెట్టారు. పొడవు మారితే చేతులను అటూ ఇటూ జరుపుకోవచ్చని తయారీదారు దీన్నే ఒక సౌకర్యంగా చెప్పాడు, మేమూ సంతోషించాం. రెండోది, 50 ఎన్‌బీ పైపులు నిమిషానికి 40 మీటర్ల వేగంతో వచ్చేటప్పుడు 9 సెకన్లకు ఒక పైపు దిగుతుంది. రన్‌అవుట్ రోలర్లను నిమిషానికి 60 మీటర్ల వేగంతో తిప్పి పైపుల మధ్య ఖాళీ తెచ్చినా ఆ ఖాళీ 3 మీటర్లే, అంటే కిక్కర్ లేచి దిగడానికి 3 సెకన్లే. ఎవరో ఒక షిఫ్టులో ఈ వేగం అందుకోవడానికి సిలిండర్ కొసన దెబ్బను మెత్తబరిచే కుషన్ స్క్రూను పూర్తిగా విప్పేశారు. అప్పటి నుంచి చేతులు ప్రతిసారీ పైన ఠంగుమని ఆగుతున్నాయి. ఆ దెబ్బలకు బోల్టులు సడలాయి, సడలిన సందులోకి కూలెంట్ నూనె చేరింది, నూనె చేరిన క్లాంపు జారింది. టేబుల్ మొదట్లో ఉండే చేతి మీదే కూలెంట్ ఎక్కువ పడుతుంది కాబట్టి మొదట జారింది కూడా అదే.

తయారీదారును అడిగితే బోల్టులు బిగించుకోవడం వాడేవారి పని అన్నాడు. మాటగా చూస్తే తప్పు లేదు. అయినా కూలెంట్ చిమ్మే చోట కేవలం రాపిడి మీద ఆధారపడిన బిగింపు ఇస్తూ, బిగువు ఎంతకాలానికి ఒకసారి చూడాలో మాన్యువల్‌లో ఒక్క వాక్యం కూడా రాయకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

మేము చేసిన మార్పు చిన్నది. మా పొడవు ఎప్పుడూ 6 మీటర్లే కాబట్టి చేతులను వాటి స్థానాల్లో నిలిపి, ప్రతి క్లాంపుకు ఆనుకొనేలా షాఫ్టు మీద ఒక ఇనుప దిమ్మ వెల్డు చేయించాం. ఇప్పుడు బోల్టు సడలినా చేయి జారదు. జరుపుకొనే సౌకర్యం పోయింది, అది మాకు అవసరం పడలేదు. కుషన్ స్క్రూకు తాళపు నట్టు వేశాం, చేతులు ఆగే చోట రబ్బరు దిమ్మలు పెట్టాం. సుద్దగీత స్థానంలో పసుపుపచ్చ పెయింటు గీతలు వచ్చాయి, వాటిని వారానికోసారి టార్చి వేసి చూడటం ఫిట్టర్ల పనిలో భాగమైంది.

ఇక మిగతావి. చేతుల మీది పాలీయురేథేన్ తొడుగులు మొదట వచ్చినవి నీటి తడికి మెత్తబడి పొరలుగా లేచాయి. పాలిఎస్టర్ రకానికి తడిలో ఈ లక్షణం ఉంటుంది, పాలిఈథర్ రకం అడిగి తెప్పించాక ఆ బాధ తగ్గింది. రంపం విడిచిన బర్ (అంచున మిగిలే పదునైన ముల్లు) మాత్రం ఏ రకాన్నైనా కోస్తుంది. కిక్కర్ కింద పని చేసేటప్పుడు గాలి ఆపేస్తే చేతులు తమ బరువుకే ధభేలున దిగుతాయి, నాలుగూ కలిసి దిగుతాయి కాబట్టి దెబ్బ కూడా నాలుగింతలు. అడ్డుపిన్ను పెట్టే రంధ్రం యంత్రంతో పాటే వచ్చింది, పిన్ను మాత్రం మేమే చేయించుకున్నాం. విడి సిలిండర్ల రోజుల్లో ఒకటి చెడిపోతే మిగతా మూడింటితో ఎలాగో షిఫ్టు గడిపేవాళ్లం. ఇప్పుడు ఉన్న ఒక్క సిలిండర్ ఆగితే మిల్లే ఆగుతుంది, కాబట్టి స్టోర్‌లో ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. కొనేటప్పుడు ఈ ఖర్చును ఎవరూ లెక్కలో వేయరు.

ఇది కొనాలా అని అడిగేవారికి నా జవాబు వారి మిల్లును బట్టి మారుతుంది. మాలాగా 50 నుంచి 150 ఎన్‌బీ, ఒకే పొడవు, మోస్తరు వేగం అయితే నేను మళ్లీ ఇదే పద్ధతి ఎంచుకుంటాను, క్లాంపుకు దిమ్మలు ముందే వెల్డు చేసి ఇమ్మని ఆర్డర్‌లోనే రాయిస్తాను. ఫర్నిచర్ గొట్టాల్లాంటి సన్నని సైజులను వేగంగా తీసేవారికి ఈ బరువైన చేతులు లేచి దిగే సమయం చాలదని నా అనుమానం, ఆ సైజులను నేను నడపలేదు. చమురు, గ్యాసు రవాణాకు వాడే ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం సంస్థ ప్రమాణం) లైన్ పైపుల్లాగా 12 మీటర్ల పొడవు తీసేవారికి షాఫ్టు మెలిక కూడా పొడవుతో పాటే పెరుగుతుంది, నడుమ ఒక్క సిలిండర్ వారికి సరిపోకపోవచ్చు. మా మిల్లులో సుద్దముక్క పట్టుకొని నిలబడే ఫిట్టర్ ఉన్నాడు. అలాంటి మనిషి షిఫ్టులో లేనివారు, ఖరీదు ఎక్కువైనా చేతులను ఫ్లాంజీలతో షాఫ్టుకే వెల్డు చేసి ఇచ్చే రకాన్ని ఒకసారి చూడటం మంచిది.