సైన్యానికి ఎప్పుడెళ్తే మేలు? కొరియా టీవీ హీరోల లెక్కలు

2011 జనవరి 16న కొరియా టీవీ సీరియల్ ‘సీక్రెట్ గార్డెన్’ చివరి ఎపిసోడ్ వచ్చింది. రేటింగ్ 35 శాతం దాటింది. అందులో హీరో హ్యున్ బిన్ వేసుకున్న నీలం రంగు మెరుపుల ట్రాక్‌సూట్‌కి నకళ్ళు బజారులోకి వచ్చేశాయి. ఫిబ్రవరిలో అతని సినిమా ఒకటి బెర్లిన్ చలనచిత్రోత్సవంలో పోటీకి నిలిచింది. మార్చి 7న అదే మనిషి పోహాంగ్‌లోని మెరైన్ శిక్షణ కేంద్రం దగ్గర అభిమానులకు సాగిలపడి దండం పెట్టి, కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. దేశమంతా తన వెంట పడుతున్న వేళ 21 నెలల పాటు తెర మీద కనిపించకుండా పోవడానికి అతను తీసుకున్న సమయం యాభై రోజులు.

దక్షిణ కొరియాలో ఆరోగ్యంగా ఉన్న ప్రతి మగవాడూ సైన్యంలో పనిచేయాల్సిందే. ఒలింపిక్ పతకం తెచ్చినవాళ్ళకు, ఆసియా క్రీడల్లో బంగారం గెలిచినవాళ్ళకు, కొన్ని శాస్త్రీయ సంగీత, నృత్య పోటీల విజేతలకు వెసులుబాటు ఉంది. టీవీ నటుడికి లేదు. కాబట్టి వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్నే రాదు. ఎప్పుడు వెళ్ళాలన్నదే అసలు తలనొప్పి. పంతొమ్మిదేళ్ళకే వెళ్ళి రావచ్చు, పేరు పతాకస్థాయిలో ఉండగా వెళ్ళొచ్చు, లేదంటే దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకుందామని ముప్ఫై దగ్గరపడే దాకా వాయిదాల మీద వాయిదాలు వేయొచ్చు.

తప్పించుకునే దారి కూడా కొందరు చూశారు. 2004లో సాంగ్ సుంగ్ హన్, జాంగ్ హ్యుక్ మూత్రపిండాల జబ్బు ఉన్నట్టు పరీక్షల్లో మోసం చేసి మినహాయింపు పొందారని బయటపడింది. సాంగ్ చేతిలో అప్పటికే ఒక భారీ సీరియల్ ఉంది. అందులోకి వేరే నటుడు వచ్చాడు, వీళ్ళిద్దరూ ఆ నవంబరులోనే బ్యారక్‌కి వెళ్ళారు. తిరిగొచ్చాక ఇద్దరూ మళ్ళీ నిలదొక్కుకున్నారు గానీ ఆ మచ్చ ఇప్పటికీ వాళ్ళ పేర్ల పక్కనే ఉంటుంది. ఆ దారి గురించి ఇంతకన్నా చెప్పుకోవాల్సింది లేదు.

ముందుగా, తొందరగా వెళ్ళినవాడి సంగతి. యూ సుంగ్ హో పేరు చెబితే కొరియా వాళ్ళకు ఇప్పటికీ 2002 నాటి ‘ది వే హోమ్’ గుర్తొస్తుంది. పల్లెటూళ్ళో మాటలు రాని అమ్మమ్మ దగ్గర వదిలిన పట్నం పిల్లాడు కెంటకీ చికెన్ కావాలని మారాం చేస్తాడు. ఆవిడ కోడిని నీళ్ళలో ఉడకబెట్టి ముందు పెడుతుంది. వాడి ఏడుపు చూసి నవ్వాలో ఆవిడ మొహం చూసి బాధపడాలో తెలియదు. అంత పేరు తెచ్చుకున్న బాలనటుడికి పెద్దయ్యాక ఉండే ఇబ్బంది ఒకటే: జనం వాణ్ణి పెద్దవాడిగా ఒప్పుకోరు.

సుంగ్ హో సినిమావాళ్ళకిచ్చే ప్రత్యేక కోటాలో యూనివర్సిటీ సీటు వద్దన్నాడు. 2013 మార్చిలో, ఇంకా పంతొమ్మిదేళ్ళు ఉండగానే, విలేకరులకు కబురు పెట్టకుండా వెళ్ళి చేరిపోయాడు. హ్వాచన్‌లోని 27వ డివిజన్‌లో కొత్తగా వచ్చినవాళ్ళకు శిక్షణ ఇచ్చే సహాయకుడిగా పనిచేసి 2014 డిసెంబరులో బయటికొచ్చాడు. అప్పటికి అతనికి 21. అతని వయసు హీరోల్లో చాలామందికి ఆ గండం ఇంకా ముందుంది, ఇతనికి వెనకబడింది. 2015 చివర్లో మొదలైన ‘రిమెంబర్’లో లాయరుగా వేస్తే చివరికి రేటింగ్ 20 శాతం దాటింది. చిన్నపిల్లాడన్న ముద్ర పోయింది. ఇది మామూలు లాభం కాదు.

అయితే ఆ తర్వాత అతనికి దేశాన్ని ఊపేసే హిట్ పడలేదు. తొందరగా వెళ్ళడం వల్లే అలా జరిగిందని నేననను. కాకపోతే ఇరవై ఏళ్ళ లోపు వెళ్ళేవాడికి నిర్మాతల దగ్గర ఇంకా గట్టి పట్టు ఉండదు. తిరిగొచ్చాక దాదాపు మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. బాలనటుడిగా ముందే పేరున్న సుంగ్ హోకి అది చెల్లింది, అందరికీ చెల్లదు.

ఇక హ్యున్ బిన్. పక్షపాతం ముందే చెప్పేస్తున్నాను, నేను అతని అభిమానిని. అసలు పేరు కిమ్ టే ప్యుంగ్, పుట్టింది 1982లో. ‘మై నేమ్ ఈజ్ కిమ్ సామ్ సూన్’ 2005లో ముగిసేటప్పుడు రేటింగ్ 50 శాతం తాకింది, అప్పటికి అతనికి 22. ఆ తర్వాత కొన్నేళ్ళు అంతంతమాత్రం. ‘సీక్రెట్ గార్డెన్’తో మళ్ళీ లేచాడు. ఆ సీరియల్ నడుస్తుండగానే 2010 నవంబరు 23న దక్షిణ కొరియాకు చెందిన యాన్‌ప్యాంగ్ ద్వీపం మీద ఉత్తర కొరియా ఫిరంగులు పేల్చింది, ఇద్దరు మెరైన్లూ ఇద్దరు పౌరులూ చనిపోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే హ్యున్ బిన్ మెరైన్ దళానికి దరఖాస్తు పెట్టాడు. ప్రచార పోస్టర్లకు వాడుకుంటారేమోనన్న విమర్శలు వచ్చాయి గానీ, చివరికి అతన్ని ఉత్తర సరిహద్దును ఆనుకుని ఉండే బాంగ్‌న్యాంగ్ ద్వీపానికి మామూలు సైనికుడిగా పంపారు.

దాంతో వచ్చిన గౌరవం డబ్బు పెట్టి కొనలేనిది. 2012 డిసెంబరులో తిరిగొచ్చేసరికి దేశంలో అతని మీద ఒక్క చెడ్డమాట లేదు. కథ అక్కడితో అయిపోతే పతాకస్థాయిలో వెళ్ళడమే మేలు అని తేల్చేయొచ్చు. కానీ టీవీకి తిరిగి రావడానికి అతనికి మరో రెండేళ్ళు పట్టింది. 2015 జనవరిలో వచ్చిన ‘హైడ్, జెకిల్, మీ’లో అతనిది రెండు వ్యక్తిత్వాలున్న సంపన్న వారసుడి పాత్ర. అదే సమయానికి పోటీ ఛానల్లో అలాంటి జబ్బే ఉన్న హీరోతో ‘కిల్ మీ, హీల్ మీ’ నడిచింది. ఆ రెండో కథ ముందు హ్యున్ బిన్ దగ్గరికే వచ్చిందని అప్పట్లో వార్తలు గట్టిగా వినిపించాయి. 8 శాతం పైన మొదలైన ఇతని సీరియల్ 4 శాతం దగ్గరికి జారిపోయింది.

శిఖరం మీదుండగా వెళ్తే వచ్చే ఇబ్బంది నాకు ఇక్కడే కనిపిస్తుంది. ప్రేక్షకుడు చివరగా చూసిన బొమ్మ మనసులో అలాగే గడ్డకట్టుకుపోతుంది. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ పొగరుబోతు కోటీశ్వరుడిగా వస్తే, పాత ట్రాక్‌సూట్ హీరోతో పోల్చి చూసి పెదవి విరుస్తారు. హ్యున్ బిన్ సినిమాలతో కూడగట్టుకుని, 2019 డిసెంబరులో మొదలైన ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’తో గానీ టీవీలో పూర్తిగా నిలబడలేదు. చివరి ఎపిసోడ్ 21 శాతం దాటింది. కేబుల్ ఛానల్‌కి అది మామూలు సంఖ్య కాదు. లాక్‌డౌన్‌లో మన ఇళ్ళలో కూడా చాలామందికి కొరియా సీరియల్ అంటే ఏమిటో అలవాటు చేసింది అదే. ఒకప్పుడు ఉత్తర సరిహద్దు దగ్గర కాపలా కాసిన మెరైన్ అందులో ఉత్తర కొరియా కెప్టెన్‌గా వేశాడు! సైన్యం అతని నటనకు నిజంగా పనికొచ్చింది అప్పుడే అనిపిస్తుంది, బయటికొచ్చిన ఏడేళ్ళకు.

ఆ పని సాంగ్ జూంగ్ కీ ఒక్క ఏడాదిలో చేశాడు. డేజన్ కుర్రాడు, చిన్నప్పుడు మంచు మీద స్కేటింగ్ పోటీలకు వెళ్ళేవాడు. 2012లో సినిమాల్లో ‘ఎ వేర్‌వోల్ఫ్ బాయ్’, టీవీలో ‘నైస్ గయ్’ రెండూ ఆడాయి. పేరుంది, కానీ హ్యున్ బిన్ అంత తుఫాను కాదు. 2013 జూలైలో రక్షణశాఖ సినిమా, పాటల వాళ్ళ కోసం నడిపే ప్రచార దళాన్ని రద్దు చేసింది. అందులో ఉన్నవాళ్ళు సెలవుల పేరుతో, కార్యక్రమాల పేరుతో బయట తిరుగుతున్నారని జనం మండిపడటమే కారణం. ఆ మరుసటి నెలే జూంగ్ కీ వెళ్ళాడు. అతనికి దక్కింది తూర్పు తీరంలో ఉత్తరపు కొసనున్న గోసాంగ్‌లో మామూలు సైనికుడి బతుకు.

2015 మే 26న విడుదలయ్యాడు. నెల తిరక్కుండానే ‘డిసెండెంట్స్ ఆఫ్ ది సన్’ షూటింగ్. పాత్ర: ప్రత్యేక దళాల కెప్టెన్. జుట్టు పెరిగేదాకా ఆగక్కర్లేదు, సెల్యూట్ నేర్పక్కర్లేదు, తుపాకీ పట్టుకునే తీరు చెప్పక్కర్లేదు. పైగా షూటింగ్ మొత్తం ప్రసారానికి ముందే పూర్తిచేశారు. చైనాలోనూ కొరియాలోనూ ఒకేసారి 2016 ఫిబ్రవరిలో మొదలై, ఏప్రిల్‌లో 38.8 శాతంతో ముగిసింది. సైన్యానికి వెళ్ళకముందు ఉన్న పేరుకి ఎన్నో రెట్లు వచ్చింది.

తమాషా ఏమిటంటే ‘సీక్రెట్ గార్డెన్’ రాసిన కిమ్ యున్ సూక్ ఈ సీరియల్ రచనలోనూ ఉంది. ఆలస్యంగా వెళ్ళిన మరో హీరో లీ మిన్ హో తిరిగి రాగానే చేసింది కూడా ఈవిడ కథే. పాత ప్రమాదాల గాయాల వల్ల అతను సైన్యంలో కాకుండా, 2017 మే నుంచి దాదాపు రెండేళ్ళు సియోల్‌లోని గాంగ్‌నమ్ జిల్లాలో ప్రజాసేవ చేశాడు. అప్పటికే 29 ఏళ్ళు నిండాయి. 2020లో ‘ది కింగ్: ఎటర్నల్ మోనార్క్’లో తెల్లగుర్రమెక్కి రాజుగా దిగాడు. 11 శాతంతో మొదలై 8 శాతానికి దిగింది. ముప్ఫై మూడు దగ్గరపడిన నటుడు ఇరవైల్లో వేసిన రాకుమారుడిలాంటి వేషం మళ్ళీ వేస్తే చూసేవాళ్ళకే కాస్త ఇబ్బంది. రెండేళ్ళ తర్వాత ‘పాచింకో’లో మంచీచెడూ కలిసిన నడివయసు వ్యాపారిగా వేసినప్పుడు గానీ అతనిలో ఇంత నటుడు ఉన్నాడా అనిపించలేదు. ఆలస్యంగా వెళ్ళేవాడికి ఇదే చిక్కు: వెళ్ళేటప్పుడు యువకుడు, వచ్చేసరికి పాత్రల వరస మారిపోయి ఉంటుంది. పైగా వాయిదా వేసినన్నాళ్ళూ ‘వీడెప్పుడెళ్తాడు’ అన్న గుసగుసలు, వాటి టెన్షన్ వేరే.

నన్నడిగితే ఆలస్యం అన్నిటికన్నా నష్టం. బాలనటుడైతే సుంగ్ హో దారి మేలు, కళ్ళు మూసుకుని చెబుతాను. మిగతావాళ్ళకు జూంగ్ కీ వయసు, అంటే 26–28 మధ్య, ఒకటి రెండు మంచి హిట్లు ఉన్నా ఇంకా ఒకే బొమ్మలో ఇరుక్కోని దశ, సరైనది. హ్యున్ బిన్‌కి దక్కిన గౌరవం చూసి శిఖరం మీదుండగానే వెళ్ళాలని సలహా ఇవ్వడం తేలిక. ఆ తర్వాత ఏడేళ్ళు ఓపిక పట్టగలిగేవాళ్ళు ఎందరు?

ఇప్పటి కుర్రాళ్ళకు మాత్రం పని కొంచెం సులువైంది. పదాతిదళంలో సేవ 18 నెలలకు తగ్గింది. పార్క్ బో గమ్ 2020 ఆగస్టు 31న, 27 ఏళ్ళ వయసులో నౌకాదళంలో చేరాడు. అతను ముందే పూర్తిచేసిన ‘రికార్డ్ ఆఫ్ యూత్’ వారం తర్వాత టీవీలోనూ నెట్‌ఫ్లిక్స్‌లోనూ మొదలైంది. అందులో అతని పాత్ర కూడా సైన్యానికి వెళ్ళడం వాయిదా వేస్తూ ఒక్క అవకాశం కోసం ఎదురుచూసే మోడల్. హీరో బ్యారక్‌లో, బొమ్మ జనం ముందు. నా ఓటు ఈ పద్ధతికి: ముప్ఫై దాకా ఆగకుండా, పూర్తయిన సీరియల్ ఒకటి ప్రసారానికి వదిలి, ప్రచార ఇంటర్వ్యూలు కూడా పక్కన పెట్టి వెళ్ళిపోవడం.