అరవై గుడ్లు, 9,600 ఫారడ్లు: ఎల్‌టీస్పైస్‌తో నా అనుభవం

పాలకొల్లులో ఇన్వర్టర్లు, చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు బాగుచేయడం నా పని. సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో కంప్యూటర్‌లోనే లెక్కగట్టి చూపే సాఫ్ట్‌వేర్ ఎల్‌టీస్పైస్. దాన్ని ఇన్నాళ్లూ సర్క్యూట్ బోర్డుల కోసమే వాడాను. ఈ శీతకాలంలో దానితో గుడ్లు పొదిగే పెట్టెను లెక్కగట్టాను.

మా పిన్ని పెరట్లో నాటుకోళ్లు పెంచుతుంది. ఆమె కోసం థర్మాకోల్ పెట్టె, 100 వాట్ల హీటర్, ఫ్యాను, వేడిని బట్టి హీటర్‌ను వేసి ఆపే థర్మోస్టాట్‌తో ఇంక్యుబేటర్ చేసి 60 గుడ్లు పెట్టాను. పద్నాలుగో రాత్రి రెండు గంటలు కరెంటు పోయింది. 21 రోజులు దాటాక చూస్తే 19 పిల్లలే. కరెంటు ఒక్కటే కారణమని రుజువు లేదు గానీ, పగలని గుడ్లను పిన్ని మాట్లాడకుండా బుట్టలో సర్దుకుంటుంటే నాకు చాలా బాధ వేసింది. ఇన్వర్టర్ ఖర్చు ఆ పిల్లల మీద రాదు. వేరే దారి వెతకాలి.

వేడి ప్రవాహానికీ కరెంటు ప్రవాహానికీ సూత్రాలు ఒకటే. ఉష్ణోగ్రతను వోల్టేజి అనుకోవాలి, వాట్లను ఆంపియర్లు అనుకోవాలి. వేడిని ఆపే గోడ రెసిస్టర్, వేడిని దాచుకునే వస్తువు కెపాసిటర్. ముందుగా ఖాళీ పెట్టెలో 25 వాట్ల బల్బు ఆపకుండా వెలిగించాను. లోపలి వేడి గది కంటే 20 డిగ్రీలు పైన నిలిచింది. 20ని 25తో భాగిస్తే 0.8. అదే నా గోడ, రెసిస్టర్ల కొలతలో 0.8 ఓమ్‌లు. 50 గ్రాముల గుడ్డు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 160 జౌళ్లు కావాలి, అంటే కెపాసిటర్ల కొలతలో 160 ఫారడ్లు. అరవై గుడ్లకు 9,600 ఫారడ్లు. అంత కెపాసిటర్ ఏ కొట్లోనూ దొరకదు, ఇక్కడ మాత్రం అంకె కొడితే చాలు.

ఆ అంకె దగ్గరే ఒక సాయంత్రమంతా పోయింది. ఫారడ్ కదా అని 9600 పక్కన ఎఫ్ అక్షరం పెట్టాను. ఎల్‌టీస్పైస్‌లో ఎఫ్ అంటే ఫెమ్టో, కోటి కోట్లలో ఒక వంతు, అందులోనూ పదో వంతు! నా గుడ్లన్నీ కనురెప్పపాటులో వేడెక్కి చల్లారిపోయాయి. ఎం అంటే కూడా మిల్లీయే (వెయ్యో వంతు), మెగా (పది లక్షలు) కాదు. కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. తెర పాతకాలం నాటిదిలా ఉంటుంది, మొదటి వారం చిరాకు పెడుతుంది. కానీ డబ్బు కట్టక్కర్లేదు, నా పాత ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది. 1970లలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టిన స్పైస్ దీనికి మూలం. ఇప్పుడు అనలాగ్ డివైసెస్ సంస్థ అందిస్తోంది.

గదిని 22 వోల్టుల బ్యాటరీగా, థర్మోస్టాట్‌ను స్విచ్‌గా పెట్టి నడిపాను. తెర మీద పెట్టెలోని గాలి వేడిని చూపే గీత రంపం పళ్లలా ఎక్కి దిగుతోంది. గుడ్ల గీత 37.5 దగ్గర కదలకుండా ఉంది. గుడ్డు వేడి మారడానికి అరగంట దాకా పడుతుంది కాబట్టి ఆ కుదుపులు దానికి అందవు. థర్మామీటరు అంకె అర డిగ్రీ ఊగినప్పుడల్లా నేను పడ్డ కంగారంతా అనవసరమే.

తరువాత హీటర్ ఆపేసి చూశాను. రెండు గంటలకు గుడ్లు 29 డిగ్రీలకు దిగాయి. పెట్టెలో లీటరు నీళ్ల సీసాలు అయిదు ఉన్నాయనుకుని మరో 21 వేల ఫారడ్లు కలిపాను. అవే రెండు గంటలకు 32.5 పైనే ఉన్నాయి! కొనవలసింది ఏమీ లేదు, ఇంట్లో ఉన్న సీసాలే చాలు. కాకపోతే పెట్టె వేడెక్కడం ఆలస్యమవుతుంది, గుడ్లు పెట్టే ముందురోజే హీటర్ వేసుకోవాలి.

ఎల్‌టీస్పైస్‌కు తేమ సంగతి తెలియదు. పళ్లెంలో నీరు ఆవిరవుతూ తీసుకుపోయే వేడినీ, చివరి వారంలో పిండాలే పుట్టించే వేడినీ మనమే విడిగా కలపాలి. నేను కలపలేదు. అయినా సీసాలు పెట్టిన తరువాతి విడతలో ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు కొలిస్తే లెక్కకూ థర్మామీటరుకూ తేడా ఒక డిగ్రీ లోపే.

సీసాలు ఎందుకని పిన్ని అడిగితే చెప్పాను. "అంటే కోడి మేతకు లేచినప్పుడు గూట్లో మిగిలే వెచ్చదనమన్నమాట, అబ్బాయీ" అంది. నేను ఇంత తేలికగా చెప్పలేకపోయాను.

ఈసారి 60కి 44 పిల్లలు. ఇప్పుడు బాతుగుడ్లు పెట్టమంటోంది. అవి బరువు ఎక్కువ, 28 రోజులు ఉండాలి. ఈ ఆదివారం కెపాసిటర్ అంకె మార్చి మళ్లీ నడుపుతాను.