మంత్రసానా, మగ మంత్రసానా: 1760ల లండన్‌లో ఏది మేలు?

కాన్పుకు ఎవరిని పిలవాలన్న తగవు ఆ రోజుల్లో లండన్‌లో పుస్తకాలకెక్కింది. ఒకవైపు హేమార్కెట్‌లో పురుళ్లు పోసే ఎలిజబెత్ నిహెల్. రెండోవైపు స్కాట్లాండ్ నుంచి వచ్చిన విలియం స్మెల్లీ, ఆయన దగ్గర తర్ఫీదైన మగ మంత్రసానులు. 1760లో నిహెల్ అచ్చేసిన పుస్తకం నిండా వాళ్లమీద విసుర్లే. (ఆమె భర్త వైద్యవృత్తిలోనే ఉన్నాడు. ఇంట్లో భోజనాల వేళ మాటలెలా సాగేవో!)

చదువు సంగతి చూస్తే ఎవరినీ తీసిపారేయలేం. నిహెల్ పారిస్‌లోని ఓటెల్ ద్యూ ఆసుపత్రిలో పని నేర్చుకుంది. లండన్ ఆడవాళ్లు చాలామంది పెద్ద మంత్రసాని వెంట తిరిగే నేర్చుకునేవారు. స్మెల్లీ తోలు బొమ్మ చేయించి, దాని కడుపులో ద్రవం నింపిన తిత్తి పెట్టి పాఠం చెప్పేవాడు. ఆ తిత్తిలో ఉన్నది బీరేమో అని నిహెల్ వెక్కిరించింది. ఈ ఒక్క విషయంలో నా ఓటు స్మెల్లీకే. సరిగ్గా ఆ కాలంలోనే ఫ్రాన్స్‌లో మదామ్ దు కూద్రే రాజుగారి అనుమతితో ఊరూరా తిరిగి, గుడ్డబొమ్మ మీదే పల్లె ఆడవాళ్లకు పురుడు పోయడం నేర్పింది. బొమ్మను తప్పుపట్టి లాభం లేదు.

అసలు పేచీ ఫోర్సెప్స్ దగ్గర. ఛాంబర్లెన్ల కుటుంబం ఆ పటకారును వందేళ్లకు పైగా ఇంటి గుట్టుగా దాచుకుని సొమ్ము చేసుకుంది. అది లేని రోజుల్లో బిడ్డ తల ఇరుక్కుపోతే తల్లినైనా దక్కించుకోవడానికి కొక్కెంతో బిడ్డను బయటికి లాగేవారు. ప్రాణంతో తీయగల పనిముట్టు రావడం చిన్న మేలు కాదు. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటాం. లండన్ మంత్రసానికి ఆ వీల్లేదు, పనిముట్టు మగవాడి చేతిది. చేతికివ్వకుండా చేతకాదనడం ఏం న్యాయం?

అయితే ఆ పనిముట్టు అవసరమెంత? వెయ్యి కాన్పుల్లో 990 మామూలు సాయంతోనే జరిగిపోతాయని లెక్క వేసింది స్మెల్లీయే. లండన్‌లోనే పురుళ్లు పోసే మరో డాక్టరు విలియం హంటరైతే తన ఫోర్సెప్స్‌కు పట్టిన తుప్పును శిష్యులకు గొప్పగా చూపేవాడట. 1762లో రాణి షార్లెట్ తొలి కాన్పు మంత్రసాని మిసెస్ డ్రేపర్ చేతుల మీదుగా జరిగింది, హంటర్ పక్క గదిలో కాచుక్కూర్చున్నాడు. నన్నడిగితే ఆ ఏర్పాటే మేలు: ముందు మంత్రసాని, పిలిస్తే పలికే దూరంలో డాక్టరు. ఊరికే ఎదురుచూస్తే అన్నీ సర్దుకుంటాయనీ అనుకోకూడదు. 1817లో ఆ రాణి మనవరాలు, ఆమె పేరూ షార్లెట్టే, దాదాపు 50 గంటలు నొప్పులు పడింది. దగ్గరున్న సర్ రిచర్డ్ క్రాఫ్ట్ ఫోర్సెప్స్ ముట్టలేదు. బిడ్డ చచ్చి పుట్టాడు, కొన్ని గంటలకే తల్లీ పోయింది. మరుసటి ఏడు క్రాఫ్ట్ తుపాకీతో కాల్చుకున్నాడు.

ఇంకోటుంది. ఇనుము చప్పుడుకు తల్లి బెదరకూడదని స్మెల్లీ ఫోర్సెప్స్‌కు తోలు చుట్టి, పంది కొవ్వు రాసేవాడు. ఆ తోలే ఎన్ని కాన్పులకు వెళ్లేదో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఆడా మగా లెక్క వియన్నాలో తేలింది. అక్కడి పెద్దాసుపత్రిలో ఒక వార్డు వైద్య విద్యార్థులది, రెండోది మంత్రసానులది. 1846లో మొదటి వార్డులో బాలింతల మరణాలు 11.4 శాతం, రెండోదాంట్లో 2.8. మొదటి వార్డు వంతు రోజున వచ్చిన గర్భిణులు అందులోకి పంపొద్దని బతిమాలేవారు. శవాలు కోసిన చేతులతోనే విద్యార్థులు పురుళ్లు పోస్తున్నారని అక్కడి డాక్టరు సెమ్మెల్వైస్ పసిగట్టి, 1847 మే నుంచి క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. 1848లో మొదటి వార్డులో 1.27 శాతం, మంత్రసానుల వార్డులో 1.33.