లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వర్క్‌షీట్: 4, 5 తరగతుల సోషల్‌కి పనికొస్తుందా?

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ టీచర్లకు ఉచితంగా ఇచ్చే ప్రైమరీ సోర్స్ అనాలిసిస్ టూల్ (పాత ఫొటోలు, ఉత్తరాల్లాంటి ఆ కాలం నాటి ఆధారాల్ని పరిశీలించే వర్క్‌షీట్) అంతా కలిపి ఒక్క పేజీ. గమనించు, ఆలోచించు, ప్రశ్నించు అని మూడు గళ్లు, అడుగున తదుపరి పరిశోధనకు కాస్త చోటు. అంతే.

దీనికి సరైన జోడీ ఆ లైబ్రరీ సైట్‌లోనే ఉన్న అమెరికన్ ఫొటోగ్రాఫర్ లూయిస్ హైన్ ఫొటోలు. అమెరికా మిల్లుల్లో, గనుల్లో పనిచేస్తున్న పిల్లల్ని ఆయన 1908 నుంచి తీసినవి. నలుగురికి ఒక ఫొటో, ఏ3 సైజులో ప్రింటు తీసివ్వండి. మొదటి ఐదు నిమిషాలు ఎవరికి వారే రాయాలి, చర్చ ఆ తర్వాతే. లేకుంటే గొంతు పెద్దదున్న పిల్లాడి మాటే నాలుగు కాగితాల్లోనూ కనిపిస్తుంది.

ఎక్కువగా తప్పేది మొదటి గడి. "పాప బాధగా ఉంది" అని గమనించు కింద రాసేస్తారు. "ఏం చూసి అలా అన్నావు?" అని అడిగితే చెప్పుల్లేని కాళ్లు, ఎత్తయిన యంత్రం అక్కడికొస్తాయి, బాధ రెండో గడికి వెళ్తుంది. హైన్ రాసిన వివరణలో చాలాసార్లు వయసు, ఊరు ఉంటాయి. ప్రశ్నలు పూర్తయ్యేదాకా దాన్ని మడిచి దాచండి, ముందే చూస్తే అడగడానికేమీ మిగలదు.

గళ్లు మరీ ఇరుకు. తెలుగు మీడియంలో చార్టు మీద గీసుకోవడమే నయం. పరిశోధన భాగమైతే పేరుకే: రెండో ఆధారం టీచరే వెతికి పెట్టాలి. మన ఊరి పాత పట్టా, గ్రామ నక్షాతోనూ ఇదే పద్ధతి నడుస్తుంది.