సెకండ్ హ్యాండ్ జిప్సీ: ఆ చిన్న లివర్ కోసమే ఇంకా ఉంచుకున్నాను

పాత మారుతి జిప్సీ గురించి ఎవరు మాట్లాడినా ముందు దాని ఠీవి గురించి చెప్తారు, ఆ తర్వాత టాపు విప్పేసి కొండమీద ఫోటోలు దిగడం గురించి చెప్తారు. నేను ఈ బండి కొన్నదీ, ఇన్ని వర్షాకాలాలు గడిచినా అమ్మకుండా ఉంచుకున్నదీ వేరే కారణానికి. గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న లివర్ ఉంటుంది. బండి ఆపి, క్లచ్ తొక్కి, దాన్ని ‘ఫోర్ లో’లో వేస్తే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ వెళ్తుంది, వేగం బాగా తగ్గి లాగే శక్తి పెరుగుతుంది. నేను రాసేది ముఖ్యంగా ఆ లివర్ గురించే. మిగతా లెక్కలన్నీ అందరికీ తెలిసినవే.

మేముండేది నర్సీపట్నంలో. రోజూ ఆఫీసుకీ, మార్కెట్టుకీ, పిల్లల్ని స్కూల్లో దింపడానికీ ఇదే బండి. పనిమీద తరచుగా ఘాట్ ఎక్కి చింతపల్లి, జి.మాడుగుల వైపు కాఫీ తోటలున్న ఊళ్ళకి వెళ్ళాలి. తారు రోడ్డు ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. అక్కడి నుంచి ఎర్రమట్టి దారి, మధ్యలో ఒకటో రెండో గెడ్డలు (వాగులు), సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నిటారు వాలు. సాహసాలు చేసే దారులేం కావు. సంతరోజున అక్కడి జీపులు నిండా జనాన్ని ఎక్కించుకుని ఆ దారిలోనే పోతాయి. ఎండాకాలంలో మామూలు కారు కూడా నెమ్మదిగా వెళ్ళిపోతుంది. జూన్‌లో వానలు మొదలయ్యాకే అసలు సంగతి తెలుస్తుంది.

నా బండిది 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజిన్. 80 హార్స్‌పవర్ అని కాగితం మీద ఉంటుంది కానీ ఆ బలమంతా ఇంజిన్ గట్టిగా తిరిగినప్పుడే వస్తుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు డీజిల్ బండికి ఉండే పట్టు దీనికి ఉండదు. అందుకే రాళ్ళున్న ఎత్తు మీద మామూలు ఫస్ట్ గేరులో ఎక్కాలంటే యాక్సిలరేటర్ తొక్కి సగం క్లచ్ మీద నడపాలి. కాసేపటికి క్లచ్ కాలిన వాసన వస్తుంది, టెన్షన్ మొదలవుతుంది. ఫోర్ లోలో వేస్తే ఆ బాధ ఉండదు. క్లచ్ పూర్తిగా వదిలేయొచ్చు. ఇంజిన్ ఆయాసపడకుండా, ఒక్కో రాయినీ ఎక్కి దిగుతూ, మనిషి నడిచే వేగంతో బండి పైకి పోతుంది. చక్రం ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి మనకి తీరిక దొరుకుతుంది.

ఎక్కడం కంటే దిగడంలో దీని విలువ నాకు ఇంకా ఎక్కువగా తెలిసొచ్చింది. తడిసిన ఎర్రమట్టి వాలు మీద బ్రేకు తొక్కితే చక్రం ఆగిపోయి బండి జారుతుంది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఈ బండికి లేదు కాబట్టి ఆ జారుడిని మన కాలితోనే అదుపు చెయ్యాలి. ఫోర్ లో ఫస్ట్ గేరులో వేసి రెండు కాళ్ళూ పెడల్స్ మీంచి తీసేస్తే ఇంజినే బండిని పట్టుకుని దింపుతుంది. చక్రాలు నాలుగూ ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి కాబట్టి స్టీరింగ్ మన మాట వింటుంది. మొదటిసారి తాజంగి దగ్గర ఒక తోట దారిలో అలా దిగినప్పుడు పక్కన కూర్చున్న మా బావమరిది డాష్‌బోర్డు మీది హ్యాండిల్‌ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. కిందకి వచ్చాక, “బ్రేకు తొక్కలేదా బావా?” అని అడిగాడు. తొక్కలేదు. ఆ రోజు నుంచి ఈ బండి మీద నాకు ఏర్పడిన నమ్మకం ఇంకే బండి మీదా రాలేదు.

దీనికి తోడు బరువు. సాఫ్ట్ టాప్ (గుడ్డ టాపు) జిప్సీ టన్ను లోపే ఉంటుంది. బురదలో బరువు బండి లోతుగా దిగబడే చోట ఇది పైపైన దాటేస్తుంది. ఒకవేళ దిగబడినా నలుగురు మనుషులు పట్టి తోస్తే కదులుతుంది.

మొదటి ఏడాది అడిగినవాళ్ళందరికీ దీనికి అడ్డే లేదని చెప్పేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ‘ముందు చక్రాల హబ్బులు సరిగ్గా లాక్ పడితే’ అని కలిపి చెప్తున్నాను. దానికి కారణమైన రోజు గురించి కాస్త వివరంగా చెప్పాలి.

నా బండికి పాత ఓనరు చేత్తో తిప్పే ఫ్రీ వీలింగ్ హబ్బులు పెట్టించాడు. ముందు చక్రాల మధ్యలో గుండ్రటి డయల్ ఉంటుంది. ‘ఫ్రీ’ మీద పెడితే చక్రం, యాక్సిల్ విడివిడిగా ఉంటాయి. రోజూ తారు రోడ్డు మీద తిరిగేటప్పుడు ముందు యాక్సిల్ అనవసరంగా తిరగదు, అరుగుదల తగ్గుతుంది. మట్టి దారి మొదలయ్యే చోట దిగి రెండు వైపులా ‘లాక్’కి తిప్పాలి. అప్పుడే ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగడం) పనిచేస్తుంది. వానలో దిగి తిప్పడం కొందరికి చిరాకు. నాకు మాత్రం అది ఇష్టం. దిగినప్పుడు టైర్లూ, దారీ ఒకసారి చూసినట్టు ఉంటుంది.

ఆ ఏడాది వానలకి ముందు, ముందు చక్రాల బేరింగులు మార్చమని ఒక షెడ్డులో ఇచ్చాను. కొన్ని వారాల తర్వాత జి.మాడుగుల దాటి లోపలికి వెళ్తుంటే ఒక గెడ్డ ఒడ్డున, జనం పశువుల్ని దించే చోట, వెనక చక్రాలు బురదలో కూరుకుపోయాయి. హబ్బులు రెండూ లాక్‌లో ఉన్నాయి. లివర్ ఫోర్ లోలో ఉంది. డాష్‌బోర్డు మీద ఫోర్ బై ఫోర్ లైటు వెలుగుతోంది. క్లచ్ వదిలితే వెనక చక్రాలు మాత్రమే తిరిగి బురద చిమ్ముతున్నాయి. ముందు చక్రాలు కాస్త గట్టి నేల మీదే ఉన్నాయి, అయినా అంగుళం కదల్లేదు.

వెనకాల సంత నుంచి వస్తున్న జీపు ఒకటి ఆగింది. డ్రైవరు దిగి వచ్చి చుట్టూ ఒకసారి చూశాడు.

“ఏటి బాబూ, ముందు చక్రాలు ఊరికే ఉన్నాయి గదా?”

“లాకులు వేశాను అన్నా. లైటు కూడా వెలుగుతోంది.”

“లైటుదేటుంది! ఒకసారి క్లచ్చి మెల్లగా వదులు, నేను వింటాను.”

ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని హబ్ మీద చెయ్యి పెట్టాడు. నేను క్లచ్ వదలగానే అక్కడ లోపల కటకటమని చప్పుడు. పళ్ళు ఒకదాన్నొకటి అందుకోలేక జారిపోతున్న చప్పుడది. డయల్ లాక్ చూపిస్తోంది, లోపల మాత్రం లాక్ పడలేదు.

ఒక్క హబ్ పడకపోతే రెండో చక్రమైనా లాగాలి కదా అనిపిస్తుంది. లాగదు. ముందు యాక్సిల్లో ఉన్నది మామూలు డిఫరెన్షియల్. అది రెండు వైపులకీ సమానంగానే బలం పంచుతుంది. ఒక వైపు యాక్సిల్ ఏ అడ్డూ లేకుండా ఊరికే తిరిగిపోతుంటే రెండో వైపు కూడా బలం అందదు. అంటే ఒక్క హబ్ మొరాయిస్తే మన ఫోర్ బై ఫోర్ మొత్తం ఉత్త టూ వీల్ డ్రైవ్ అయిపోతుంది. ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టెలో) లివర్ పడిందా లేదా అన్నదే ఆ లైటుకి తెలుస్తుంది, హబ్బులో ఏం జరుగుతోందో తెలియదు.

నా టూల్ కిట్టులో అలెన్ కీ ఉంది. డయల్ మూత బోల్టులు ఆరూ విప్పి లాగితే లోపలంతా దట్టమైన గ్రీజు, ముదిరిన బెల్లం పాకంలా పట్టేసి ఉంది. బేరింగుల్లో పెట్టే గ్రీజునే షెడ్డువాళ్ళు హబ్బులో కూడా నిండా కుక్కేశారు. డయల్ తిప్పినప్పుడు లోపలి రింగుని ముందుకి నెట్టాల్సింది ఒక చిన్న స్ప్రింగు. అంత గ్రీజులో దానికి రింగుని కదిపే శక్తి లేదు. ఆ డ్రైవరన్న తన జీపు ట్యాంకులోంచి పైపుతో కాస్త డీజిల్ తీసి, పాత లుంగీ గుడ్డతో పళ్ళన్నీ కడిగి, వేలితో పలచగా ఇంజిన్ ఆయిల్ రాసి మళ్ళీ బిగించాడు. ఈసారి డయల్ తిప్పి చక్రాన్ని కొద్దిగా కదిపితే టక్కుమని పడింది. ఫోర్ లో, ఫస్ట్ గేరు, క్లచ్ వదిలాను. ఒక్క మనిషి తోయకుండా బండి తనంతట తానే గట్టు ఎక్కింది. డబ్బులిస్తే ఆయన తీసుకోలేదు. కుడివైపుది కూడా ఇంటికెళ్ళాక విప్పి కడుక్కోమని చెప్పి వెళ్ళిపోయాడు. విప్పితే అందులోనూ అదే గ్రీజు.

ఆ షెడ్డు మీద కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. చీకటి పడ్డాక, పిల్లలు బండిలో ఉన్నప్పుడు అదే జరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం వేస్తుంది. ఇప్పుడు హబ్బుల పని ఎవరికీ ఇవ్వను. ఏటా వానలకి ముందు నేనే విప్పి కడుగుతాను. బండి కడిగిన ప్రతిసారీ డయల్ రెండు వైపులా తిప్పి చూస్తాను.

అందుకే సెకండ్ హ్యాండ్ జిప్సీ చూడటానికి వెళ్ళేవాళ్ళకి పెయింటు, సీట్ల సంగతి తర్వాత చూసుకోమని చెప్తాను. బండిని మట్టి నేల మీదకి తీసుకెళ్ళి హబ్బులు లాక్ చేసి, ఫోర్ లోలో వేసి, కాస్త ఎత్తు ఎక్కించండి. ఎక్కేటప్పుడు లివర్ దానంతట అది జారి బయటికి వస్తే ట్రాన్స్‌ఫర్ కేసులో పని ఉన్నట్టే. తారు మీద మాత్రం ఈ పరీక్ష చెయ్యొద్దు. మలుపులో ముందు చక్రాలు తిరిగే దూరం వేరు, వెనక చక్రాలు తిరిగే దూరం వేరు. ఆ తేడాని సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు కాబట్టి గేర్లన్నీ బిగుసుకుంటాయి. ముందు చక్రాల వెనక గుండ్రటి భాగం దగ్గర నూనె కారుతోందేమో, వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) చాసిస్‌కి తగిలే చోట తుప్పు ఉందేమో కింద పడుకుని చూడండి. సముద్రం పక్క ఊళ్ళలో తిరిగిన బళ్ళైతే సుత్తితో మెల్లగా కొట్టి చూడాలి.

కాగితాల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. సైన్యం వేలంలో అమ్మేసిన జిప్సీలు చాలానే తిరుగుతున్నాయి. వేలం కాగితాలతో పాటు ఆర్టీఓ దగ్గర మామూలు రిజిస్ట్రేషన్ అయిందో లేదో చూడాలి. ఢిల్లీ చుట్టుపక్కల 15 ఏళ్ళు దాటిన పెట్రోల్ బళ్ళ మీద ఆంక్షలు రావడంతో అక్కడివి చవగ్గా వస్తాయి. అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతిలో పడి, ఇక్కడి ట్యాక్స్ ఎంతవుతుందో తెలిసేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి. మామూలు జనానికి అమ్మకాలు 2019లోనే ఆగిపోయాయి కాబట్టి దొరికే బళ్ళలో చాలావాటికి 15 ఏళ్ళు నిండే ఉంటాయి, లేదంటే నిండబోతూ ఉంటాయి. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్ళకి రెన్యువల్ చేయించుకోవాలి.

రోజువారీ వాడకంలో దీన్ని వెనకేసుకు రావడం నాకు కష్టమే. నాలుగు వైపులా కమాన్ కట్టలే కాబట్టి ఊళ్ళో స్పీడ్ బ్రేకర్ మీద వెనక కూర్చున్నవాళ్ళు ఎగిరిపడతారు. మా అమ్మ ఒకసారి పాడేరు దాకా వచ్చి, తిరుగు ప్రయాణం బస్సులో చేసింది. నా బండికి పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ లేదు. మే నెల మధ్యాహ్నం నర్సీపట్నంలో పార్కింగ్ చేస్తే చొక్కా తడిసిపోతుంది. ఘాట్‌లో లీటరుకి పది కిలోమీటర్లు వస్తే మంచిరోజు. ఎయిర్‌బ్యాగులు లేవు, అందుకే హైవే మీద విశాఖ వెళ్ళాల్సి వస్తే తమ్ముడి కారు అడుగుతున్నాను. బరువు తక్కువని ఇందాక మెచ్చుకున్నాను కానీ, తడి తారు మీద ఖాళీగా వెళ్తున్నప్పుడు ఆ తేలికదనమే వెనక భాగాన్ని జారుస్తుంది. ఘాట్ మలుపుల్లో నేను వేగం పెంచను.

ఇంట్లో ఇదొక్కటే బండి అయ్యేవాళ్ళకి, చిన్నపిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్నవాళ్ళకి నేనైతే 2023లో వచ్చిన జిమ్నీని సెకండ్ హ్యాండ్‌లో చూడమంటాను. అందులోనూ లో రేంజ్ (ఫోర్ లో) లివర్ ఉంది, కాయిల్ స్ప్రింగులు, ఏసీ, ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. డీజిలే కావాలంటే 2020కి ముందు వచ్చిన థార్ ఉంది. నాలుగు చక్రాలూ లాగే డస్టర్ ఏడబ్ల్యూడీ రోడ్డు మీద హాయిగా ఉంటుంది కానీ లో రేంజ్ లేదు, నా దారులకి అది సరిపోదు. కానీ జిమ్నీకి పెట్టాల్సిన డబ్బు నా దగ్గర లేదు. తమ్ముడి కారు పక్కవీధిలోనే ఉంటుంది. పని చేసే ఊళ్ళు ఆ కొండల్లోనే ఉన్నాయి. విశాఖకో హైదరాబాదుకో బదిలీ అయితే ఈ బండిని నాతో తీసుకెళ్ళను. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ మాత్రం రెన్యువల్‌కి అయ్యే ఫీజు కట్టి, ఫిట్‌నెస్ కోసం అడిగిన పనులన్నీ చేయించి దీన్నే నడుపుతాను.