మోస్కటెల్ బుడగల వైన్: ఇటలీదా, స్పెయిన్‌దా, ఏది మేలు?

తియ్యని వైన్ కదా అని మోస్కటెల్ స్పార్క్లింగ్‌ని భోజనమంతా అయ్యాక స్వీటుతో పాటు బయటికి తీస్తారు చాలామంది. నన్నడిగితే భోజనానికి ముందే తెరవాలి, పక్కన ఉప్పగానో కారంగానో ఏదైనా ఉండాలి. ఆ లెక్కన ఇటలీ మోస్కాటో డాస్టి (అంటే ఆస్టి ప్రాంతపు మోస్కాటో), స్పెయిన్ వలెన్సియా వైపు మోస్కటెల్, ఈ రెండింట్లో ఏది ఎప్పుడు కొనాలో చూద్దాం.

రెండూ మస్కట్ అనే సువాసన ద్రాక్షల కుటుంబమే గానీ ద్రాక్ష రకం వేరు. ఆస్టిలో వాడేది మోస్కాటో బియాంకో. పండు చిన్నది, వాసన నాజూకు, పులుపు బాగా నిలుస్తుంది. స్పెయిన్ తూర్పు తీరంలో పండేది మోస్కటెల్ దే అలెహాంద్రియా. పెద్ద పండు, ఎండ బాగా కావాలి, ఆలస్యంగా పండుతుంది. డీఎన్‌ఏ పరీక్షల్లో ఇది మోస్కాటో బియాంకో సంతానమేనని తేలింది. దీని పిల్ల మస్కట్ హాంబర్గ్. తమిళనాడు తేని జిల్లా కంబం లోయలో పండే, 2023లో జీఐ గుర్తింపు పొందిన పన్నీరు ద్రాక్ష అదే. ఆ పండు వాసన ఎరిగినవాళ్లకు మోస్కటెల్ గ్లాసు కొత్తగా అనిపించదు.

స్పెయిన్ మోస్కటెల్‌ని అర్థం చేసుకోవాలంటే వలెన్సియా ప్రాంతంలోనే ఉన్న అలికాంతె జిల్లాలోని మరీనా అల్తా గురించి కాస్త తెలియాలి. షాలో, తెవులాదా ఊళ్ల చుట్టూ తోటలు, దగ్గర్లోనే సముద్రం. 19వ శతాబ్దంలో ఇక్కడి ద్రాక్షకు పేరొచ్చింది వైన్‌తో కాదు, కిస్‌మిస్‌తో. దేనియా రేవు నుంచి ఇంగ్లండ్‌కు ఓడల్లో వెళ్లేది. గుత్తుల్ని మరుగుతున్న బూడిద క్షారపు నీళ్లలో ముంచి తీసి, తొక్క చిట్లగానే రెల్లు తడికల మీద ఎండబెట్టేవాళ్లు. రాత్రి మంచు పడినా, వాన మబ్బు కనబడినా ఆ తడికల్ని ‘రియురావు’ కిందకి చేర్చేవాళ్లు. ముందువైపు వరసగా కమానులున్న పొడవాటి సావిడి అది. కళ్లంలో మిర్చి ఆరబోసి మబ్బు పట్టగానే పట్టాల కోసం పరుగెత్తే రైతుకి ఆ హైరానా ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత ఫిలోక్సెరా పురుగు తోటల్ని తినేసింది, కిస్‌మిస్ వ్యాపారం కుప్పకూలింది. రియురావులు మాత్రం ఇంకా అక్కడ నిలబడి ఉన్నాయి. ఎండకు తీపెక్కే ద్రాక్ష కాబట్టే దీని వైన్‌లో తేనె, నారింజ పువ్వు, ఎండు ద్రాక్ష వాసనలు దట్టంగా ఉంటాయి. పులుపు తక్కువ.

ఆస్టిది వేరే తీరు. పీడ్‌మాంట్ కొండల్లో కనెల్లి చుట్టుపక్కల సున్నపు నేల, చల్లటి రాత్రులు. ద్రాక్షరసాన్ని గడ్డకట్టేంత చలిలో నిల్వ ఉంచి, అవసరమైనప్పుడు మూసిన ట్యాంకులో పులియబెడతారు. ఆల్కహాల్ 5 శాతం దగ్గరకు రాగానే మళ్లీ చల్లబరిచి, వడకట్టి ఆపేస్తారు. అందుకే తీపి మిగులుతుంది, తాజా పండు వాసన పోదు. బుడగల ఒత్తిడి 2.5 బార్లకు మించదు కాబట్టి నాలుక మీద మెత్తగా ఉంటుంది. 1993 నుంచి దీనికి ఇటలీ వైన్‌లకిచ్చే హోదాల్లో అత్యున్నతమైన డీఓసీజీ ఉంది. అంటే ఏ సీసా తీసినా రుచి ఎలా ఉంటుందో ముందే ఊహించొచ్చు.

స్పెయిన్ సీసాతో ఆ భరోసా లేదు, లేబుల్ చదవాల్సిందే. ‘ఎస్పుమోసో’ అంటే బుడగ గట్టిగా ఉంటుంది. ‘దే అగూహా’ అంటే నెమ్మది. ‘గాసిఫికాదో’ అని ఉంటే గ్యాస్ బయటి నుంచి ఎక్కించారన్నమాట. అది పక్కన పెట్టేయండి. బుడగ గ్లాసులో కాసేపు కూడా నిలవదు, డబ్బు దండగ.

ఇక తిండి. స్వీటు కన్నా వైన్ తీపి తక్కువైతే వైన్ పుల్లగా, నీళ్లలా అనిపిస్తుంది. మరీనా అల్తాలో తురోన్ (తేనె, బాదంతో చేసే మిఠాయి) లాంటి గట్టి తీపికి మిస్తెలా పోయడం అందుకే. మిస్తెలా అంటే ద్రాక్షరసంలో మద్యం కలిపి చేసే, 15 శాతం ఆల్కహాల్ ఉండే తియ్యటి పానీయం. గులాబ్‌జామూన్, బొబ్బట్ల దగ్గర ఈ రెండు బుడగల వైన్‌లూ తేలిపోతాయి. తీపి తక్కువున్న హేజెల్‌నట్ కేక్, పీచ్ పండు అయితే ఆస్టి ముందు ఇంకేదీ నిలవదు. ఉప్పు వేసి వేయించిన బాదం, ఎండబెట్టిన ట్యూనా, ముదురు చీజ్ అయితే స్పెయిన్ మోస్కటెల్‌కే నా ఓటు. దాని దట్టమైన తీపిని ఉప్పు అదుపులో పెడుతుంది.

మన కారం సంగతేంటి? అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో చికెన్ వేపుడు వండుకుని సీసా తెరిచే తెలుగువాళ్లకు నేను చెప్పేది మోస్కాటో డాస్టి. ఆల్కహాల్ మంటని పెంచుతుంది, గట్టి బుడగ ఇంకా గుచ్చుతుంది, తీపి మాత్రమే చల్లారుస్తుంది. మొదటి రెండూ తక్కువగా, మూడోది పుష్కలంగా ఉన్నది అదే. షుగర్ ఉన్నవాళ్లు ఒక్క లెక్క గుర్తుపెట్టుకోవాలి: లీటరుకు సుమారు 100 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది, అంటే చిన్న గ్లాసులో కూడా మూడు చెంచాలు.

ఏది కొన్నా 6-8 డిగ్రీలకు చల్లబరచండి, కొన్న ఏడాదే తాగేయండి. దాచుకుంటే వీటిలో ముందుగా పోయేది ఆ వాసనే.